‘ఎవరు’ అనే గడి లేని కాగితం

“పిల్లలన్నీ పోయాయి. బ్లీచ్ పోసి పారబోశాను,” అంది పిచ్చుక ఫోన్లో ఎవరితోనో, గుమ్మం బయట చెప్పులు విప్పుకుంటూ.

దారిన పోయేవాళ్ళెవరైనా ఆ మాట వింటే పోలీసులకు కబురు పెట్టేవాళ్ళు. వంటింట్లో ఉన్న తల్లి మాత్రం చేతిలోని పిండి ముద్దను పళ్ళెంలో పడేసి గుమ్మం దగ్గరికి పరుగెత్తింది. పిల్లలంటే పిల్లలు కాదనీ, కంపెనీలో గాజుసీసాల్లో పెంచే జీవకణాలనీ ఆమెకు తెలుసు. రెండేళ్ళుగా వింటున్న మాటే. తెలిసినా సరే, విన్న ప్రతిసారీ ఆమె గుండె ఒక మెట్టు కిందికి జారుతుంది.

“మళ్ళీ మసకేనా?”

“మసకే,” అంది పిచ్చుక. తల్లి మొహం చూడకుండా తిన్నగా స్నానాలగదిలోకి వెళ్ళి తలుపేసుకుంది.

తేట, మసక. ఆ ఇంట్లో కూతురి ఉద్యోగం సంగతి తెలియడానికి ఈ రెండు మాటలే చాలు. సీసాల్లో కణాలు తినే ద్రవం లేత గులాబీ రంగులో ఉంటుందట. సీసాను పేపరు ముందు పెడితే వెనకాల అక్షరాలు కనిపించాలి. కనిపిస్తే తేట. కనిపించకపోతే, పిలవని చుట్టం ఏదో లోపల చేరి, కణాల తిండి తిని, వాటి నెత్తినెక్కి కూర్చుందన్న మాట. అది మసక. మసక వచ్చిందంటే ఆ సీసాలన్నీ బ్లీచ్ పోసి పారబోయడమే. మూడు నెలల్లో ఇది మూడోసారి.

తల్లిని ఆ వీధిలో బన్నులమ్మ అంటారు. ఏడో తరగతితో చదువు ఆగిపోయాక ఒక బేకరీలో పనికి కుదిరి, పెళ్ళయ్యాక ఇంట్లోనే బన్నులు చేసి నాలుగు టీకొట్లకూ ఒక బడికీ పంపుతోంది. మొగుడిని వాచీల డాక్టరు అంటారు. వీధివైపు గదిలోనే ఆయన దుకాణం. కంటికి భూతద్దం బిగించి ఆయన ఒకవైపు, మోచేతుల దాకా పిండితో ఆమె ఇంకోవైపు. వాళ్ళకు ఒక్కతే కూతురు. చిన్నప్పుడు ముద్ద తినమంటే నాలుగు గింజలు ఏరుకుని లేచిపోయేది కాబట్టి దానికి పిచ్చుక అని పేరు పడింది. ఇరవయ్యారేళ్ళొచ్చినా ఆ పేరు పోలేదు.

బన్నులమ్మ భయస్తురాలు. అంబులెన్స్ చప్పుడు వినిపిస్తే ఇంట్లోవాళ్ళను లెక్కపెట్టుకునే మనిషి. ఉన్నదే ముగ్గురు. అయినా రెండుసార్లు లెక్కపెడుతుంది. అలాంటి మనిషి కూతురు బయోటెక్నాలజీ కంపెనీలో చేరతానంటే ఇల్లు ఎంత అట్టుడికిపోయిందో చెప్పక్కర్లేదు.

“అక్కడ ఏవేవో పురుగుల్ని పెంచుతారటే! ఒంటికి అంటుకుని ఇంటికొస్తే?”

“అమ్మా, మేం పెంచేవి మన ఒంట్లోవాటిలాంటి కణాలు. అవి పాపం సీసా దాటి బయటికొస్తే ఒక్క పూట బతకవు. మనమంటే వాటికి భయం, మనకు వాటంటే కాదు.”

ఆ జవాబు బన్నులమ్మకు ఎక్కలేదు. మొదటి ఆర్నెల్లూ కూతురికి వేరే తువ్వాలు, వేరే కంచం పెట్టింది. చెప్పులు గుమ్మం దాటి లోపలికి రాకూడదు. వచ్చీ రాగానే స్నానం చెయ్యాలి. వాచీల డాక్టరు భూతద్దం తియ్యకుండానే, “ఏమేవ్, దాన్ని కూడా ఓసారి బ్లీచులో ముంచి తీయకపోయావా,” అనేవాడు.

రోజులు గడిచేకొద్దీ భయం పోలేదు గాని, దాని పక్కన ఇంకొకటి వచ్చి కూర్చుంది. దాన్ని గర్వమనడానికి ఆమెకు నోరు రాలేదు, దిష్టి తగులుతుందని. కూతురు రోజూ ఇంటికొచ్చి చెప్పే కబుర్లు అలాంటివి. కొందరు పసిపిల్లలకు పుట్టుకతోనే రక్తం గడ్డకట్టదట. మోకాలు దోక్కుపోయినా ప్రాణం మీదికొస్తుందట. వాళ్ళకు రోజు మార్చి రోజు సూది పొడవాలట. పిచ్చుకవాళ్ళు పెంచే కణాలు ఆ పిల్లలకు కావలసిన పదార్థాన్ని తయారుచేస్తాయి. అంతా సవ్యంగా జరిగితే నెలకొక్క సూదితో సరిపోతుంది. ఈ సంగతి విన్న రోజు బన్నులమ్మ పొయ్యి దగ్గర నిలబడి కొంగుతో కళ్ళు తుడుచుకుంది. అడిగితే పొగ అంది. కరెంటు పొయ్యికి పొగేమిటని ఎవరూ అడగలేదు.

కష్టాలూ తక్కువేం కాదు. కణాలకు ఆదివారం తెలియదు. రోజు మార్చి రోజు తిండి పెట్టాల్సిందే, పెళ్ళి ఉన్నా జ్వరం ఉన్నా. సెంటు రాసుకోకూడదు, గోళ్ళు పెంచకూడదు, గాజులు వేసుకోకూడదు. ఏడాది చాకిరీ ఒక్క మసకతో కాలవలో కలుస్తుంది. పైవాళ్ళు ఈ మందు మీద ఆశ వదులుకుంటే అంతస్తుకు అంతస్తే ఖాళీ అవుతుంది. అన్నిటికన్నా బన్నులమ్మ కడుపు తరుక్కుపోయేది కూతురి చేతులు చూస్తే. పొద్దస్తమానం స్పిరిట్‌తో కడిగీ కడిగీ, రబ్బరు తొడుగుల్లో నానీ నానీ, వేళ్ళ సందులు బీటలు తీశాయి.

“రబ్బరు తొడుగుల లోపల నూలు తొడుగులు వేసుకుంటే నయమవుతుందంది కంపెనీ నర్సు,” అని పిచ్చుక ఒకసారి మాటవరసకు చెప్పింది.

అంతే. ఆ సాయంత్రమే బన్నులమ్మ వాచీల డాక్టరు పాత ధోవతి ఒకటి చింపి, కూతురి చేతులు కాగితం మీద గీసుకుని, ఆరు జతల తొడుగులు కుట్టింది. మణికట్టు దగ్గర అంచు మడిచి, ఊడిపోకుండా రెండు వరసల కుట్టు వేసింది. రోజూ సాయంత్రం వాటిని సలసల కాగే నీళ్ళలో ఇరవై నిమిషాలు ఉడకబెట్టేది. పిచ్చుక పక్కన నిలబడి గడియారం చూసేది. కంపెనీలో లోపలికి తీసుకెళ్ళే ప్రతి వస్తువూ రిజిస్టరులో రాయాలి. ‘నూలు లోపలి తొడుగులు, ఇంట్లో కుట్టినవి, ఇరవై నిమిషాలు ఉడకబెట్టినవి’ అని రాసింది. నర్సు కూడా చూసి సరేనంది.

ఇంట్లో ఈస్ట్ ఉన్న సంగతీ కంపెనీకి తెలుసు. చేరిన రోజే పిచ్చుక చెప్పింది, మా అమ్మ బన్నులు చేస్తుందని. దానికి తగ్గట్టు రోజూ పొద్దున తలస్నానం చేసి వెళ్ళేది. ఇంటి బట్టలు అక్కడ బీరువాలో పెట్టి, కంపెనీ బట్టలు వేసుకుని, వాటి మీద గౌను తొడుక్కునేది. వంటింటివైపు దారులన్నీ మూసేశామనే అందరూ అనుకున్నారు.

వంటింట్లో ఉన్న అసలు మనిషి ముసలమ్మ. మనిషి కాదు, గాజుజాడీ. పదిహేడేళ్ళ కిందట ఆ పాత బేకరీ మేస్త్రి పని మానేస్తూ బన్నులమ్మ చేతిలో పెట్టిన పులిసిన పిండి. దానికి పొద్దునా సాయంత్రం గుప్పెడు పిండీ గ్లాసు నీళ్ళూ పోస్తే బుస్సున పొంగుతుంది. రోజూ బన్నుల పిండిలో అందులోంచి ఒక గరిటె కలుపుతుంది బన్నులమ్మ. దానికి జలుబు చేస్తుందేమోనని చలికాలంలో జాడీకి స్వెటరు తొడుగుతుంది.

“నీకు ముసలమ్మ, నాకు పసిపిల్లలు. ఇద్దరం ఆయాలమే,” అని నవ్వేది పిచ్చుక.

ఇప్పుడు నవ్వడం లేదు. స్నానం చేసి వచ్చి బల్ల ముందు కూర్చుంది. పెట్టింది తినకుండా వేలితో కెలుకుతోంది.

“శుక్రవారం మీటింగు పెట్టారు,” అంది.

“దేనికే?”

“నన్ను పిల్లల దగ్గర్నుంచి తీసేసి కాగితాల సెక్షన్లో వేద్దామని. విత్తనంగా మంచులో దాచిన గొట్టాలు ఇంకా నాలుగే ఉన్నాయమ్మా. అవీ నా చేతిలోనే పోతే మొదటికే మోసం. నాతో పనిచేసే మిగతా ఇద్దరి సీసాలూ తేటగానే ఉన్నాయి. నావే మసక. అందరూ నవ్వుతూనే అంటున్నారనుకో, నీ హస్తవాసి బాగాలేదమ్మాయ్ అని.”

“ఆ మాట అన్నవాళ్ళ నోట్లో నా బన్ను పెట్టా!” అంది బన్నులమ్మ. కోపంలో ఆమెకు తెలిసిన తిట్టు అదొక్కటే.

“వాళ్ళననకు. నిజంగానే నా చేతిలో ఏదో ఉంది. ఎంత వెతికినా దొరకడం లేదు,” అని పిచ్చుక తన అరచేతులను ఎవరివో అన్నట్టు చూసుకుంది.

మర్నాడు పిచ్చుకకు సెలవు. ఆదివారం పనిచేసినందుకు మంగళవారం ఇస్తారు. మధ్యాహ్నం వాన సన్నగా పడుతోంది. బన్నులమ్మ పిండి పిసుకుతుంటే పిచ్చుక స్టూలు మీద కూర్చుని ఫోను చూస్తోంది. ఉన్నట్టుండి, “రిపోర్టు వచ్చింది,” అంది.

“ఏమొచ్చిందే?”

“మసకకు కారణం ఏమిటో తేలింది. మామూలు గాలిలో తిరిగేది కాదట. బ్రెడ్డు పొంగించే ఈస్టట.” పిచ్చుక చిత్రంగా నవ్వింది. “మైక్రోస్కోపులో చూసినప్పుడే అనుకున్నాను. పెద్ద గింజ పక్కన చిన్న గింజ మొలిచినట్టు ఉంది, వరసగా, ఎంత ముద్దుగా ఉందో దొంగముండ! కానీ ఎలా వెళ్ళిందమ్మా? తలస్నానం చేసే వెళ్తున్నాను. బట్టలు మారుస్తున్నాను. తొడుగులు ఉడకబెడుతున్నాం.”

బన్నులమ్మ చేతులు పిండిలోనే ఆగిపోయాయి.

ఆమె చూపు మెల్లగా గోడ పక్కనున్న చెక్క అలమారా మీదికి వెళ్ళింది. అది పిండి పొంగడానికి పెట్టే అలమారా. లోపల ఒక బల్బు వెలుగుతూ ఉంటుంది. వెచ్చగా, చెమ్మగా, పులుపు వాసనతో ఉంటుంది. కింద పిండి గిన్నెలు. పైన ఒక తాడు. తాడు మీద, నాలుగు క్లిప్పులతో, రెండు జతల నూలు తొడుగులు.

మూడు నెలలుగా వానలు. డాబా మీద ఆరేస్తే బట్ట ఆరదు. తడి తొడుగులు వేసుకుంటే పిల్లకు చలిజ్వరం పట్టుకుంటుందేమో, గోళ్ళు పుచ్చిపోతాయేమో అని బన్నులమ్మకు భయం. పిచ్చుక తొడుగులు ఉడకడం చూసి లోపలికి వెళ్ళాక, ఆమే వాటిలోని నీళ్ళు పిండేసి, తెచ్చి ముసలమ్మ సంతానం మీద ఆరేసేది. పొద్దున పిచ్చుక లేచేసరికి వెచ్చగా, మెత్తగా, మడతపెట్టి సంచిలో ఉండేవి. ఉడకబెట్టామని రిజిస్టరులో ఉంది. ఎక్కడ ఆరేశామన్నది ఎవరూ అడగలేదు, ఈమె చెప్పలేదు.

“అమ్మా, ఏమైంది? మొహం అలా పెట్టావేం?”

“ఏం లేదే. నడుం పట్టేసింది,” అంది బన్నులమ్మ.

జీవితంలో ఎప్పుడూ ఏదో ఒకటి ముంచుకొస్తుందని ఎదురుచూసిన మనిషి. ఆ కంపెనీ నుంచి పురుగొచ్చి తన ఇల్లు ముంచుతుందని గుమ్మంలో కాపలా కాసింది. పురుగు గుమ్మం దాటిన మాట నిజమే. కానీ తన వంటింట్లోంచి, తన చేతుల మీదుగా అటు వెళ్ళింది.

పిచ్చుక కాసేపు నడుం వాల్చుతానని వెళ్ళగానే ఆమె దుకాణం గదిలోకి వచ్చి మొగుడి ముందు నిలబడింది. మాటలు ముక్కలు ముక్కలుగా వచ్చాయి. ఆయన విన్నాడు. భూతద్దం తీసి బల్ల మీద పెట్టాడు. అదే ఆమెను ఇంకా భయపెట్టింది. ఆ మనిషి పనిలో ఉండగా భూతద్దం తీయడం ఆమె ఎప్పుడూ చూడలేదు.

“చెప్పెయ్,” అన్నాడు.

“చెబితే? తల్లే పాడుచేసిందని తెలిస్తే దాన్ని ఉంచుతారా అండీ? రాసిచ్చిన దాంట్లో అబద్ధం ఉందంటారు. మెడ పట్టి గెంటుతారు. ఏ కంపెనీలోనూ అడుగు పెట్టనివ్వరు.”

“చెప్పకపోతే?”

ఆమె మనసులోనే లెక్క వేసుకుంది. తొడుగులను చప్పుడు కాకుండా చెత్తలో పడెయ్యొచ్చు. కొత్తవి కుట్టి వేరే గదిలో ఆరెయ్యొచ్చు. మసక దానంతటదే ఆగిపోతుంది. కానీ శుక్రవారం మీటింగు ఆగదు. పిల్లను కాగితాల్లో పడేస్తారు. అది బతికున్నంత కాలం తన చేతులను అలాగే, ఎవరివో అన్నట్టు, చూసుకుంటుంది.

“వాచీ ఆగిపోతే,” అన్నాడు వాచీల డాక్టరు, “తెచ్చినవాళ్ళను నేను ఒక్కటే అడుగుతాను. కింద పడిందా, నీళ్ళలో పడిందా అని. నిజం చెబితే అరగంట పని. సిగ్గుపడి దాచిపెడితే మొత్తం విప్పాలి. వెళ్ళు. నాకు మాత్రం ఈ పూట ఏదో ఒకటి తినడానికి పెట్టి వెళ్ళు.”

“ఈ పూట కాదు, రేపు. దానికి చెప్పకండి. ముందు నేనే దాని కంపెనీ పెద్ద మేడం కాళ్ళ మీద పడతాను.”

బుధవారం పొద్దున పిచ్చుక బస్సెక్కి వెళ్ళిన గంటకు బన్నులమ్మ ఇంకో బస్సెక్కింది. ఒడిలో ఒక సంచి. అందులో తొడుగులు ఒక కవరులో. ఇంకో కవరులో ముసలమ్మ. ఆ కవరు మీద కవరు, దాని మీద కవరు, మొత్తం ఏడు. చంపుతారో జైల్లో పెడతారో, దోషిని కూడా తీసుకెళ్ళడం మంచిదని ఆమె ఉద్దేశం.

కంపెనీ గేటు దగ్గర కాపలాదారు సంచి చూసి, “ఏముందమ్మా అందులో?” అన్నాడు.

“ఈస్టు బాబూ.”

ఆ మాట వినగానే అతను రెండడుగులు వెనక్కి వేశాడు. “అది లోపలికా? బాంబు తెచ్చినా నయమే తల్లీ! మూణ్ణెల్లుగా పైనంతా దాని పేరే జపం. అక్కడే ఉండండి. కదలొద్దు.”

బన్నులమ్మ కదల్లేదు. ఊపిరి కూడా సగమే పీల్చింది. గేటు పక్కన గాజు తలుపులోంచి పొడుగాటి వరండా కనిపిస్తోంది. గోడ మీద అద్దం కట్టించిన ఒక కాగితం ఉంది. రంగు పెన్సిళ్ళతో ఎవరో పిల్ల వేసిన బొమ్మ. సైకిలు మీద నుంచి పడిపోయి కూడా నవ్వుతున్న పిల్లాడు. కింద వంకర అక్షరాలు దూరానికి కంటికి ఆనలేదు.

పెద్ద మేడం అంటే బన్నులమ్మ మనసులో ఒక బొమ్మ ఉంది. ఆరడుగుల పొడవు, కళ్ళజోడు, పలకరిస్తే కరిచే రకం. వచ్చినావిడ ఆమె భుజం దాకా ఉంది. కాన్వాసు బూట్లు వేసుకుంది. చేతులు కూడా పిచ్చుక చేతుల్లాగే బీటలు తీసి ఉన్నాయి. ఆ చేతులు చూడగానే బన్నులమ్మకు భయం కాస్త వదిలింది. అంతలోనే అలవాటు కొద్దీ మళ్ళీ పట్టుకుంది.

“పిచ్చుకవాళ్ళ అమ్మగారా? రండి, ఇటు చిన్న గదిలో కూర్చుందాం. ఆ సంచి మటుకు గేటు బయటే ఉండాలి, ఏమనుకోకండి.”

“అమ్మా, మా పిల్ల తప్పు లేదు,” అని మొదలుపెట్టింది బన్నులమ్మ. ఆగలేదు. ధోవతి చింపడం దగ్గర్నుంచి తాడు మీది నాలుగు క్లిప్పుల దాకా ఒకే ఊపిరిలో చెప్పేసింది. చెబుతున్నంతసేపూ మేడం కళ్ళు పెద్దవవుతూ వచ్చాయి. చివరికి ఆవిడ కుర్చీలో వెనక్కి వాలి, రెండు చేతులతో మొహం కప్పుకుంది.

ఏడుస్తోందనుకుంది బన్నులమ్మ. చూస్తే నవ్వు.

“మూణ్ణెల్లమ్మా! గాలి గొట్టాలు విప్పించాను. నీళ్ళు మూడు చోట్ల పరీక్ష చేయించాను. పైకప్పు పీకిద్దామనుకుంటున్నాను. మీరు పొంగు అలమారాలో ఆరేశారు!”

“మా పిల్లను తీసేస్తారా?”

మేడం నవ్వు ఆపింది. సొరుగులోంచి ఒక కాగితం తీసి ఆమె ముందు పెట్టి, పెన్ను ఇచ్చింది. “ఇప్పుడు నాకు చెప్పినదంతా ఇందులో రాయండి. మీ మాటల్లోనే రాయండి.”

బన్నులమ్మ పెన్ను ముట్టుకోలేదు. కాగితం మీద సంతకం పెడితే ఇల్లు పోయినవాళ్ళ కథలు ఆమె బోలెడన్ని విన్నది. “రాసిస్తే అది సాక్ష్యమవుతుంది కదమ్మా. నా వేలితో నా పిల్ల కన్ను నేనే…”

“గడులు చదవండి ముందు.”

చదివింది. ఏం జరిగింది. ఎప్పుడు. ఎక్కడ. ఎలా. మళ్ళీ జరగకుండా ఏం చెయ్యాలి. పై నుంచి కిందికి, కింది నుంచి పైకి రెండుసార్లు చూసింది.

“ఎవరు చేశారన్న గడి లేదేమిటి?”

“లేదు. పెట్టలేదు,” అంది మేడం. “మేం కూడా ఒకప్పుడు పెట్టేవాళ్ళం. ఆ గడి ఉన్నన్నాళ్ళూ కాగితాలన్నీ ఖాళీగా వచ్చేవి. సీసా పగిలినా పిల్లి తోసిందనేవాళ్ళు. ఇక్కడ పిల్లే లేదు. ఆ గడి తీసేశాక నిజాలు రావడం మొదలుపెట్టాయి. ఇప్పుడు చూడండి, గేటు దాకా నడిచొచ్చాయి.”

బన్నులమ్మ ఆ కాగితాన్ని చాలాసేపు చూసింది. తన ఇంట్లో ఏది పగిలినా, ఏది మాడినా, ఏది కనిపించకపోయినా మొదటి మాట ‘ఎవరు?’ అనే. అడిగేది తనే. జవాబు ‘నేను కాదు’ అనే. చెప్పేవాళ్ళు ఇద్దరు. అలా ఎన్ని సంగతులు తేలకుండా పోయాయో. ఇంత పెద్ద మేడ కట్టి, ఇన్ని గాజుపెట్టెలు పెట్టి, చివరికి వీళ్ళు నమ్ముకున్నది ఒక గడి లేని కాగితాన్ని. ఎవరికొచ్చిందో ఈ ఆలోచన, వాళ్ళమ్మ కడుపు చల్లగా ఉండాలి అనుకుంది.

రాసింది. ఏడో తరగతి తర్వాత ఇంత పొడుగున ఎప్పుడూ రాయలేదు. ‘ఎలా’ గడి సరిపోక వెనక్కి తిప్పి రాసింది. చివరి గడిలో ‘ముసలమ్మను కాలవలో పారబోస్తాను’ అని రాసి, ఆ మాట దగ్గర ఆగి ముక్కు ఎగబీల్చింది.

మేడం చదివి, “ముసలమ్మ ఎవరు?” అని గాభరాపడింది. సంగతి తెలిశాక ఆ వాక్యం కొట్టేసింది. “పదిహేడేళ్ళు పెంచినదాన్ని పారబోస్తారా? నేనైతే దాచుకుంటాను. దాని తప్పేం లేదు, వెచ్చగా ఉంటే పెరగడమే దాని పని. ఇక నుంచి తొడుగులు ఇక్కడే ఆవిరి కుక్కర్లో వేస్తాం, ఇక్కడే ఆరేస్తాం. అది రాయండి.” కాస్త ఆగి మళ్ళీ అంది, “అమ్మా, ఒక మాట చెబుతాను. ఈ పనిలో మేం చేసేవి పదింటిలో తొమ్మిది పోతాయి. ఈ మందు కూడా రేపు పనికిరాదని తేలొచ్చు. మీ అమ్మాయికి నేను ఏ హామీ ఇవ్వలేను. కానీ ఇలాంటి పనిలో నిలబడేది మీలా గేటు దాకా వచ్చి చెప్పేవాళ్ళే. అది ఆ పిల్లకు ఎక్కడ్నుంచి వచ్చిందో ఇవాళ తెలిసింది.”

ఆ పొగడ్తలో బన్నులమ్మకు వినిపించింది పనికిరాదన్న ముక్క ఒక్కటే. ‘అయ్యో’ అనుకుంది.

అప్పుడే తలుపు తోసుకుని పిచ్చుక వచ్చింది. గౌను తీసేసి, నెత్తి మీది టోపీ తీయడం మరిచిపోయి పరుగెత్తుకొచ్చింది. “గేటు దగ్గర ఏడు కవర్లలో ఏదో పెట్టుకుని మీ అమ్మ వచ్చిందన్నారు. నాన్నకేమైనా అయిందా?”

మేడం కాగితం ఆమెకు అందించింది.

పిచ్చుక చదువుతుంటే బన్నులమ్మ గోడ చూసింది, నేల చూసింది, తన చెప్పులు చూసింది. కాగితం వెనక్కి తిరిగిన చప్పుడు వినిపించింది.

“ఉడకబెట్టి,” అంది పిచ్చుక చివరికి, “తీసుకెళ్ళి పిండి మీద ఆరేశావా అమ్మా?”

“చలిజ్వరం వస్తుందేమోనని…”

“మూడు నెలలు! నా చెయ్యి మంచిది కాదని స్నానాలగదిలో నీళ్ళు వదిలి ఏడ్చాను తెలుసా? నీళ్ళ చప్పుడులో వినపడదని!”

“వినపడింది,” అంది బన్నులమ్మ. “నీ చెయ్యి మంచిదేనే తల్లీ. అది చెప్పడానికే వచ్చాను. చెడ్డది నా తాడు.”

పిచ్చుక తన చేతుల వైపు చూసుకుంది. ముందూ వెనకా తిప్పి, వేళ్ళు చాపి, ముడిచి చూసుకుంది. తర్వాత నెత్తి మీది టోపీ తీసి, దాంతోనే కళ్ళు ఒత్తుకుని, తల్లి భుజం మీద గట్టిగా ఒక్కటి వేసింది. అది దెబ్బో, దగ్గరికి తీసుకోవడమో పెద్ద మేడానికి అర్థం కాలేదు. తల్లికి అయింది.

ఆ రోజే మేడం తొడుగుల అంచును ఈస్టు ఉంటే మొలిచి కనిపించేలా జెల్లీ పోసిన ఒక పళ్ళేనికి ఒత్తింది. రబ్బరు తొడుగు దాటి మణికట్టు దగ్గర వేలెడు వెడల్పున బయటికి కనిపించే అంచది, బన్నులమ్మ రెండు వరసల కుట్టు వేసిన చోటు. శుక్రవారం పొద్దుటికి పళ్ళెం నిండా తెల్లటి చుక్కలు చొక్కా గుండీల్లా మొలిచాయి. మూత తీస్తే బేకరీ వాసన వచ్చిందట. మీటింగులో ఆ పళ్ళెం ఒకటి, బన్నులమ్మ రాసిన వంకర అక్షరాల కాగితం ఒకటి చేతులు మారాయి. కాగితాల సెక్షన్ మాట ఎవరూ ఎత్తలేదు. హస్తవాసి అని నవ్వినవాళ్ళలో ఒకతను లేచి, తన ఇంట్లో తొడుగులు కుట్టిపెట్టేవాళ్ళు లేరని మాత్రం అన్నాడట. మంచులో దాచిన నాలుగు గొట్టాల్లో రెండింటిని పిచ్చుక చేతికే ఇచ్చారు.

ఆ తర్వాత పదకొండు రోజులు బన్నులమ్మ ఎలా బతికిందో వాచీల డాక్టరుకు తెలుసు. రోజుకు ఆరుసార్లు టైము అడిగేది, చుట్టూ నలభై గడియారాలు ఉండగా. మసక వస్తే పదో రోజులోగా వస్తుందని పిచ్చుక చెప్పింది. మధ్యలో ఒకరోజు దుకాణంలో గాజు గ్లాసు పగిలింది. బన్నులమ్మ వంటింట్లోంచి “ఎవ…” అని అంటూ ఆగింది. గొంతు సవరించుకుని, “ఎలా పగిలిందండీ?” అంది. వాచీల డాక్టరు భూతద్దంలోంచి ఆమెను ఒక వింత వాచీని చూసినట్టు చూసి, “అంచున పెట్టాను. మోచెయ్యి తగిలింది,” అన్నాడు. ముప్పయ్యేళ్ళ కాపురంలో ఆయన ఒప్పుకున్న మొదటి గ్లాసు అది.

పదకొండో రోజు మధ్యాహ్నం ఫోను మోగింది. బన్నులమ్మ పిండి చేతులతోనే ఎత్తింది.

“అమ్మా, తేట!” అంది పిచ్చుక. వెనకాల ఎవరో చప్పట్లు కొడుతున్నారు. “సీసా వెనక పేపరు పెట్టాను. సన్న అక్షరాలు కూడా కనిపిస్తున్నాయి!”

బన్నులమ్మ పక్కనున్న స్టూలు మీద కూలబడింది. కళ్ళు మూసుకుంది. అలమారాలో పిండి పొంగుతోంది. పైన తాడు లేదు. జాడీలో ముసలమ్మ బుడగలు వేస్తోంది. ఇంతకాలం తనకు తెలిసిన ప్రతి భయం ఒక్క క్షణం వెనక్కి జరిగి దారి ఇచ్చినట్టయింది. ఆ ఒక్క క్షణమే.

“ఒసేయ్,” అంది ఫోన్లో గొంతు తగ్గించి. “మరీ తేటగా ఉందంటావేం? లోపల పిల్లలు అసలు ఉన్నాయా, చచ్చి అడుక్కి చేరాయా? ఒక్కసారి మైక్రోస్కోపులో చూసి చెప్పు తల్లీ. నేను లైన్లోనే ఉంటాను.”